గీకితే

బడిలో హాజరు పిలిచే వేళ
నా వంతు రాకముందే
వెనక బెంచీలో కిచకిచలు మొదలయ్యేవి.
హుల్దా.
మా వీధిలో ఆ మాటకి పందికొక్కని అర్థం.
మురుగుకాలవ మూత కింద తోక కనిపిస్తే
ఆడవాళ్ళు కుర్చీలెక్కి అరిచే మాట.
మా నాన్న దాన్ని నా పుట్టుక పత్రం మీద
నల్లసిరాతో, గుండ్రంగా రాయించాడు.

బస్రా నుంచి ఒక పరుపుచుట్టతో దిగినవాడు,
హైఫా మెట్లవీధుల్లో దుకాణాల బోర్డులు రాసేవాడు.
అందరూ కూతుళ్ళకి పువ్వుల పేర్లు,
మంచు పేర్లు పెట్టుకుంటుంటే
ఈయన పోయిపోయి
కన్నం తవ్వే జంతువు దగ్గర ఆగాడు.
"ప్రవక్త పేరమ్మా," అనేవాడు బ్రష్షు కడుక్కుంటూ.
"గుడి మరమ్మతుల్లో పాత గ్రంథపు చుట్ట దొరికితే
అది నిజమో కాదో తేల్చమని
రాజు మనుషులు వెతుక్కుంటూ వెళ్ళి
యెరూషలేములో ఆమె తలుపు తట్టారు."
నాకు ఎనిమిదేళ్ళు.
మా బడి తలుపు ఏ రాజూ తట్టలేదు.

ఇరవై రెండో ఏట పేరు మార్చుకుందామని వెళ్ళాను.
రెండో అంతస్తు, ఆరో కిటికీ.
కొత్త పేరు గడిలో వెరెద్ అని రాశాను. గులాబీ.
కిటికీ వెనక బ్రాఖా అనే ఆవిడ
కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూసింది.
"ఈ వారంలో నాలుగో గులాబీవి.
కింద కౌంటర్లో రుసుము కట్టిరా."
కింద కౌంటరు భోజనానికి మూసి ఉంది.
మెట్ల మీద కూచున్నాను.
తర్వాత లేచి ఇంటికొచ్చేశాను.
గొప్ప కారణం ఏదైనా చెప్పాలని ఉంటుంది గానీ
ఆ రోజు నాకు బాగా ఆకలేసింది, అంతే.

పని కీషోన్ రేవులో దొరికింది,
ఎండగట్టిన ఓడల పొట్టల మీద తుప్పు గీకడం.
మా భాషలో తుప్పుని హలుదా అంటారు.
మొదటి జీతం చీటీ చూసి ఫోర్‌మన్ తెమూరి
సిగరెట్టు పడేలా నవ్వాడు:
"హుల్దా, హలుదా! నీకు ఈ ఉద్యోగం
పుట్టినప్పుడే ఇచ్చేశారు పిల్లా!"
హెత్, లామెద్, దాలెత్.
మూడక్షరాల ఒకే వేరు,
పైకొచ్చాక వేరు వేరు మాటలు.
పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.
నా గోళ్ళ కింద మాత్రం ఒప్పందం కుదిరింది.

నాన్న పోయిన వారం
అద్దాలకి దుప్పట్లు కప్పి
నేలబారు పీట మీద కూచుని ఉన్నాను.
పక్కింటి ముసలాయన కీర్తన చదువుతున్నాడు,
పళ్ళు లేని నోట్లో మాటలు జారిపోతూ.
మధ్యలో ఒక మాట దగ్గర
నన్నెవరో పిలిచినట్టయింది.
హెలెద్.
ఆగమని అడిగాను. అర్థమేంటని అడిగాను.
ఆయన చేతిని గదంతా తిప్పాడు:
టీ గ్లాసులు, కిటికీ అవతల ఆరేసిన చొక్కాలు,
సగం రాసి వదిలేసిన మంగలిషాపు బోర్డు.
"ఇదీ. ఈ లోకం. ఉన్నంతసేపు ఉండేది."
మళ్ళీ అవే మూడక్షరాలు.
నాన్నకి తెలుసా?
బోర్డులు రాసేవాడికి అక్షరాలు తెలియకుండా ఉంటాయా?
లేక ఆయనకీ పందికొక్కు ఒక్కటే తెలుసేమో,
దాని మీదే ప్రేమేమో.
అడగడానికి ఆరు రోజులు ఆలస్యమైంది.

నిన్న ఒక పాత సరుకు ఓడ వచ్చింది.
వెనక భాగాన ఎర్రరంగు, దాని కింద బూడిదరంగు,
దాని కింద పొక్కులు.
గీకుతుంటే ఇనుము మీద అతికిన అక్షరాలు తేలాయి,
ఎవరో ఎప్పుడో చెరిపేశామనుకున్న పేరు.
వెల్డర్ నాయెఫ్ కాగడా ఆర్పి వచ్చి చూశాడు.
ఏ భాషో ఇద్దరికీ తెలియలేదు.

పనికి కొత్తగా చేరిన పిల్ల నా పేరడిగింది.
చెప్పాను.
పెదవి కొరుక్కుని ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది.
"నవ్వు, నవ్వు," అన్నాను,
"అయ్యాక ఆ సుత్తి ఇలా అందించు."

చీకటి పడే వేళ
మోకు మీదుగా ఒకటి దిగి వచ్చింది,
తడి మీసాలతో, ఏదో నోట కరచుకుని.
దానికి దారిచ్చి
కాలు పక్కకి తీసుకున్నాను.